12 అంగుళాల సబ్‌కి ఏ ఆంప్ పెట్టాలి: క్లాస్ ఏబీయా, క్లాస్ డీయా?

మీరు అడిగింది ఇదీ: బండి పెట్రోల్ స్విఫ్ట్. కంపెనీ ఇచ్చిన టచ్‌స్క్రీన్ తీయరు. 12 అంగుళాల సబ్ (బాస్ మోగించే సబ్‌వూఫర్ స్పీకర్) ఇప్పటికే కొనేశారు. దాని మీద 400 వాట్స్ ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), డ్యూయల్ కాయిల్ (లోపల రెండు తీగచుట్టలు), ఒక్కో కాయిల్ 4 ఓమ్స్ అని ఉంది. సీల్డ్ బాక్సు (గాలి చొరబడని పెట్టె) కూడా కట్టించారు. ఇక ఆంప్ (స్పీకర్‌కి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్) దగ్గర ఆగారు. షాపులో 1600 వాట్స్ అని స్టిక్కరున్న ఫోర్ చానల్ క్లాస్ ఏబీ చూపించారు. స్నేహితుడు తన పాత టూ చానల్ ఏబీ ఇస్తానంటున్నాడు. మీకేమో క్లాస్ డీ మోనోబ్లాక్ (ఒకే చానల్ ఉన్న ఆంప్) మీద మనసుంది, కానీ "డీ క్లాస్ సౌండ్ పొడిపొడిగా ఉంటుంది, కమ్మగా కావాలంటే ఏబీనే" అని షాపతను అనేసరికి టెన్షన్ పట్టుకుంది.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మోనోబ్లాకే తీసుకోండి. 2 ఓమ్స్ దగ్గర 400 నుంచి 500 వాట్స్ ఆర్ఎంఎస్ ఇచ్చేది చాలు. అలా చెప్పడానికి సౌండు కారణం కాదు. మీ సబ్ కాయిల్స్, మీ బండి ఆల్టర్నేటర్, మన ఎండలు, ఈ మూడే కారణం.

కాయిల్స్ సంగతి ముందు చూద్దాం. ఆంప్ కొనేవాళ్ళలో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. 4 ఓమ్స్ కాయిల్స్ రెండింటినీ ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్స్ అవుతుంది, సిరీస్‌గా కలిపితే 8 ఓమ్స్. రెండు కాయిల్స్‌నీ వాడుతూ 4 ఓమ్స్ తెచ్చే దారి మీ సబ్‌లో లేదు. ఇటు టూ చానల్, ఫోర్ చానల్ ఆంప్‌లను బ్రిడ్జ్ చేసినప్పుడు (రెండు చానళ్ళని కలిపి ఒకే స్పీకర్‌కి ఇచ్చినప్పుడు) దాదాపు అన్నీ 4 ఓమ్స్ కంటే తక్కువ లోడుకి ఒప్పుకోవు. ఎందుకంటే బ్రిడ్జ్ చేస్తే ఒక్కో చానల్‌కి కనిపించేది లోడులో సగమే. 4 ఓమ్స్ పెడితే ఒక్కో చానల్ 2 ఓమ్స్ మోస్తుంది, అంతవరకు సరే. మీ 2 ఓమ్స్ పెడితే ఒక్కో చానల్ మీద 1 ఓమ్ పడుతుంది. మంచి ఆంప్ అయితే ప్రొటెక్ట్ లైటు వెలిగించి ఆగిపోతుంది. నాసిరకం ఆంప్ అయితే ముందు కాలిన వాసన వస్తుంది, తర్వాత అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

సరే, సిరీస్‌గా 8 ఓమ్స్ చేసి బ్రిడ్జ్ చేద్దాం అంటారా? ప్రమాదం ఏమీ లేదు, కానీ పవర్ పడిపోతుంది. మీ స్నేహితుడి ఆంప్ 4 ఓమ్స్ దగ్గర చానల్‌కి 75 వాట్స్ ఇచ్చేది అనుకుందాం. 8 ఓమ్స్ బ్రిడ్జ్‌లో అది ఇచ్చేది 75 కలుపుకొని 75, మొత్తం 150. బ్రిడ్జ్ చేయకుండా ఒక్కో కాయిల్‌ని ఒక్కో చానల్‌కి కలిపినా లెక్క అదే 150. 400కి, 150కి మధ్య తేడా 4 డెసిబెళ్ళ పైచిలుకు. చెవికి తెలుస్తుంది.

అదే మీ సబ్ కాయిల్స్ 2 ఓమ్స్ చొప్పున ఉండి ఉంటే, సిరీస్‌లో సరిగ్గా 4 ఓమ్స్ వచ్చేది. అప్పుడు స్నేహితుడి ఆంప్ బ్రిడ్జ్‌లో 200 దాకా ఇచ్చేది, నేనూ "దాంతోనే కానివ్వండి" అనేవాడిని. సబ్ కొనే ముందే ఆంప్ గురించి ఆలోచించాలనేది ఇందుకే.

ఇక స్టిక్కర్ మీద 1600. దాన్ని నమ్మాలా వద్దా అనేది షాపులోనే తేల్చుకోవచ్చు, పరికరాలేమీ అక్కర్లేదు. ఆంప్ పక్కకి తిప్పి, పవర్ వైర్లు దూరే చోట ఉండే ఫ్యూజులు చూడండి. ఆ తరగతి ఆంప్‌లలో మామూలుగా 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండు ఉంటాయి. అంటే 40 ఆంపియర్లు. బండి స్టార్టులో ఉన్నప్పుడు వోల్టేజీ 13.8 అనుకుంటే లోపలికి వెళ్ళేది 552 వాట్స్. క్లాస్ ఏబీ ఫుల్ వాల్యూమ్‌లో కూడా అందులో 55 శాతం దాకే స్పీకర్‌కి చేరుస్తుంది, మిగతాది వేడి. లెక్క వేస్తే 300 వాట్స్, అదీ నాలుగు చానళ్ళకీ కలిపి. చానల్‌కి 75. బాస్ కొట్టిన ఒక్క క్షణం ఫ్యూజు తన రేటింగ్ కంటే ఎక్కువే తట్టుకుంటుంది కాబట్టి ఈ లెక్క అటూ ఇటూ కావచ్చు. కానీ 300 ఎక్కడ, 1600 ఎక్కడ! పీక్ అని, మ్యాక్స్ అని రాసే అంకెలను పట్టించుకోకండి. బాక్సు మీద గానీ మాన్యువల్‌లో గానీ సీఈఏ-2006 లేదా సీటీఏ-2006 అనే ముద్ర ఉందేమో చూడండి. ఆ ముద్ర ఉంటే 14.4 వోల్టుల దగ్గర, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచిన ఆర్ఎంఎస్ పవర్ అని అర్థం. ముద్ర లేని మంచి ఆంప్‌లు కూడా ఉంటాయి, వాటికి ఫ్యూజు లెక్క ఉండనే ఉంది.

ఇప్పుడు క్లాస్ సంగతి. క్లాస్ ఏబీలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పాట ఎలా ఊగితే అలా సగం తెరుచుకుంటూ, పావు తెరుచుకుంటూ పనిచేస్తాయి. హాఫ్ క్లచ్ మీద బండి నడిపితే క్లచ్ ప్లేటు ఎలా వేడెక్కుతుందో, ఈ ట్రాన్సిస్టర్లు అలా వేడెక్కుతాయి. క్లాస్ డీలో మధ్యస్థం లేదు. ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్, లేదా పూర్తిగా ఆఫ్. సెకనుకి దాదాపు లక్ష సార్లో, ఇంకా ఎక్కువో ఇలా ఆన్, ఆఫ్ అవుతూ, ఎంతసేపు ఆన్‌లో ఉండాలన్నది పాటను బట్టి మారుతుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ ముక్కలన్నింటినీ కలిపి నున్నటి సిగ్నల్‌గా చేసి స్పీకర్‌కి పంపుతాయి. పూర్తిగా ఆన్ అయిన ట్రాన్సిస్టర్‌లో నష్టం తక్కువ, ఆఫ్ అయినదాంట్లో నష్టం లేనట్టే. అందుకే 80 శాతం పైగా పవర్ స్పీకర్‌కే వెళ్తుంది.

400 వాట్స్ తీయాలంటే ఏబీ బ్యాటరీ లైను నుంచి దాదాపు 53 ఆంపియర్లు లాగుతుంది, డీ 36 దాకా లాగుతుంది. "పదిహేడు ఆంపియర్ల తేడానే కదా" అనిపించొచ్చు. అసలు తేడా ఫుల్ వాల్యూమ్‌లో కాదు, మనం రోజూ వినే వాల్యూమ్‌లో ఉంది. సౌండు తగ్గించేకొద్దీ ఏబీ పనితనం కూడా తగ్గిపోతుంది. అదే ఆంప్ 100 వాట్స్ మాత్రమే ఇస్తున్నప్పుడు దాని పనితనం పాతిక ముప్ఫై శాతానికి దిగుతుంది. అంటే 100 వాట్స్ సౌండు కోసం సుమారు 26 ఆంపియర్లు లాగి, 260 వాట్స్ వేడి డిక్కీలో వదులుతుంది. డీ అదే పనిని 10 ఆంపియర్ల లోపు చేస్తుంది, వేడి 30, 35 వాట్స్.

మన చిన్న పెట్రోల్ కార్లలో ఆల్టర్నేటర్ సాధారణంగా 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య ఉంటుంది, అదీ ఇంజన్ బాగా తిరుగుతున్నప్పుడు. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉంటే అందులో సగమే రావచ్చు. రాత్రి పూట హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను, వైపర్లు కలిపితే బండికే ముప్ఫై, నలభై కావాలి. మిగిలేది ఎంతో మీరే చూడండి. లోటు పడితే బ్యాటరీ నుంచి వస్తుంది. అక్కడున్నది 35 ఏహెచ్ బ్యాటరీ. బీటుకి తగ్గట్టు హెడ్‌లైట్లు కొట్టుకుంటూ ఉంటే అర్థం ఇదే.

స్మార్ట్ హైబ్రిడ్ (ఇంజన్‌కి చిన్న మోటారు సాయం ఉండేది) అని రాసి ఉన్న బండ్ల విషయంలో ఇంకో మాట. వాటిలో బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చార్జింగ్ వోల్టేజీని బండే కావాలని తగ్గిస్తుంది, 12.5 దాకా దిగడం మామూలే. చాలా ఆంప్‌లలో వోల్టేజీ తగ్గితే పవర్ దాని వర్గం ప్రకారం తగ్గుతుంది. 14.4 దగ్గర 400 ఇచ్చేది 12.5 దగ్గర 300 ఇస్తుంది. కంగారు అక్కర్లేదు, 400కి 300కి మధ్య తేడా 1.25 డెసిబెళ్ళు, పాట వింటూ పట్టుకోవడం కష్టం. సబ్ 400 కాబట్టి ఆంప్ సరిగ్గా 400 ఉండాల్సిందే అని పట్టుబట్టాల్సిన పని లేదనడానికి కూడా ఇదే ఆధారం. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి.

ఎండల సంగతి. మే నెలలో విజయవాడలో గానీ రామగుండంలో గానీ బండి నీడ లేకుండా రెండు గంటలు నిలబెట్టి డిక్కీ తీస్తే ముఖానికి సెగ కొడుతుంది. ఆంప్ అప్పటికే అంత వేడి మీద ఉంటుంది. దాని మీద ఏబీ తన వేడి కలుపుకుంటే థర్మల్ కటాఫ్ (మరీ వేడెక్కి ఆంప్ తనే ఆగిపోవడం) దాకా వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన గోల ఇదే: ఊళ్ళో బాగానే మోగుతుంది, హైవే మీద అరగంట దాటితే చచ్చిపోతుంది, కాసేపటికి దానంతటదే లేస్తుంది. డిక్కీ తీస్తే ఆంప్ మీద కార్పెట్టు, కార్పెట్టు మీద రెండు సూట్‌కేసులు, పక్కన మామిడికాయల బస్తా. హీట్‌సింక్ రెక్కలకి గాలి తగిలే సందే లేదు. ఆంప్‌లో లోపమేమీ లేదు. దాన్ని తీసి ముందు ప్యాసింజర్ సీటు కింద బిగించాం. ఆ గోల మళ్ళీ రాలేదు. మీరు డీ పెట్టినా సరే, సబ్ బాక్సు పైన మాత్రం స్క్రూలతో బిగించకండి. కావాలని ఎవరూ పెట్టరు గానీ, ఫిట్టర్‌కి అదే సులువు కాబట్టి పెట్టేస్తాడు. ఆ అదురుకి లోపల పెద్ద కెపాసిటర్ల టంకాలు వదులవుతాయి.

ఇక షాపతని "కమ్మదనం" మాట. పూర్తిగా అబద్ధం అనను. మొదట్లో వచ్చిన కార్ క్లాస్ డీ ఆంప్‌లు పై ఫ్రీక్వెన్సీల్లో గరగరలాడేవి, ఎఫ్ఎం రేడియోలో ఉస్సుమనే శబ్దం తెచ్చేవి. చవక రకం డీ ఆంప్‌లు ఇప్పటికీ ఎఫ్ఎంని పాడుచేస్తాయి. డోర్ స్పీకర్లకి, ట్వీటర్లకి మంచి ఏబీ పెట్టుకుంటానంటే నేను కాదనను. కానీ సబ్ పలికేది 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా. మోనోబ్లాక్‌లలో చాలావాటికి లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) లోపలే ఉంటుంది, 200, 250 హెర్ట్జ్ పైన అవి పలకనే పలకవు. పాతవాళ్ళు చెప్పే గరగర ఎక్కడో వేల హెర్ట్జ్‌లో ఉండేది, సబ్ దాకా రాదు. సబ్ సౌండు పొడిగా ఉందంటే బాక్సు సైజు చూడాలి, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీలు ఏ స్పీకర్‌కి వెళ్ళాలో విడదీసేది) చూడాలి, ఫేజ్ స్విచ్ (సబ్ కదలికను తిరగేసేది) చూడాలి. ఆంప్ క్లాస్ చివర్లో వస్తుంది.

క్లాస్ ఏ, క్లాస్ హెచ్ అనే పేర్లు కూడా మీరు విని ఉంటారు. ఏ అనేది పాట లేకపోయినా కరెంటు తాగుతూ కూర్చుంటుంది, సబ్‌కి దాని అవసరమే లేదు. హెచ్ అంటే ఏబీలోనే లోపలి సప్లై వోల్టేజీని అవసరాన్ని బట్టి పెంచే తరహా. మంచిదే, కానీ మార్కెట్‌లో తక్కువ, మీ బడ్జెట్‌లో వెతకడం దండగ.

కంపెనీ స్క్రీన్ ఉంచుతున్నారు కాబట్టి మోనోబ్లాక్ కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: హై లెవెల్ ఇన్‌పుట్, ఆటో టర్న్ ఆన్. కంపెనీ స్టీరియోల్లో చాలావాటికి వెనక ఆర్‌సీఏ అవుట్ (ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉండదు, ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు కూడా ఉండదు. ఈ రెండూ ఉన్న ఆంప్ అయితే వెనక స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుని, పాట మొదలైతే తనే లేస్తుంది. లేని ఆంప్ అయితే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏ సిగ్నల్‌గా మార్చేది) పెట్టాలి, అదో అదనపు ఖర్చు. వైర్లు కోయనివ్వకండి, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్లు (ప్లగ్‌లా తగిలించేవి) దొరుకుతాయి. కోస్తే రేపు వారంటీ దగ్గర మాట పడాల్సి వస్తుంది.

వైరింగ్‌లో పిసినారితనం చేస్తే పైన చెప్పిందంతా వృథా. ఈ పవర్‌కి 4 గేజ్ వైరు, అసలు రాగిది. షాపుల్లో కిట్ పేరుతో ఇచ్చేది ఎక్కువగా సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం నిరోధకత రాగి కంటే ఒకటిన్నర రెట్లకి పైనే. గోటితోనో బ్లేడుతోనో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. రాగి దొరక్కపోతే సీసీఏలో ఇంకా లావు సైజు తీసుకోండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించండి. ఆ ఫ్యూజు ఆంప్ కోసం కాదు. బానెట్ నుంచి డిక్కీ దాకా వెళ్ళే ఆ వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని ఒలిచిపోతే, బండి అంటుకోకుండా ఆపేది అదొక్కటే. ఫైర్‌వాల్‌లో వైరు దూరే కంతకి రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో మీరే వంగి చూడండి, ఫిట్టర్ మాట మీద వదిలేయకండి.

బాడీ ఎర్త్ విషయంలో పెయింట్ గీకి, మెరిసే రేకు మీద బోల్టు బిగించాలి. సీట్‌బెల్టు బోల్టు కింద పెట్టడం కొందరికి అలవాటు, ఒప్పుకోకండి. పనయ్యాక పరీక్ష సులువే: బండి స్టార్టులో, పాట గట్టిగా పెట్టి, బ్యాటరీ దగ్గర ఒకసారి, ఆంప్ టెర్మినళ్ళ దగ్గర ఒకసారి మల్టీమీటర్‌తో కొలవండి. తేడా అర వోల్టు లోపు ఉంటే పని బాగా జరిగింది. ఒక వోల్టు దాటితే వైరులోనో ఎర్త్‌లోనో తింటోంది.

"ఒక ఫారడ్ కెపాసిటర్ పెట్టించుకోండి, లైట్లు కొట్టుకోవు" అని కూడా అంటారు. నీలం లైటుతో, వోల్టేజీ అంకెలతో చూడ్డానికి బాగుంటుంది. లెక్క మాత్రం బాగుండదు. 14.4 నుంచి 12 వోల్టులకి దిగేలోపు అది ఇవ్వగల శక్తి 32 జౌళ్ళు. ఆంప్ 500 వాట్స్ లాగుతుంటే సెకనులో ఆరు శాతం సేపు సరిపోతుంది. ఆ డబ్బు రాగి వైరు మీద పెట్టండి.

గెయిన్ అనేది స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే మీట, వాల్యూమ్ కాదు, చాలామంది అదే అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. మీ లెక్క: 400 వాట్స్, 2 ఓమ్స్. రెండూ గుణిస్తే 800, దాని వర్గమూలం 28.3. సబ్ వైర్లు విప్పేసి, బాస్ బూస్ట్ సున్నాలో పెట్టి, స్టీరియోలో ఈక్వలైజర్ ఫ్లాట్ చేసి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, వాల్యూమ్ ముప్పావుకి తీసుకెళ్ళండి. మీటర్ ఏసీ వోల్టులలో పెట్టి, ఆంప్ స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర 28 వచ్చేదాకా గెయిన్ మెల్లగా పెంచి అక్కడ ఆపండి. లో పాస్ 80 దగ్గర పెట్టండి. సీల్డ్ బాక్సు కాబట్టి సబ్‌సోనిక్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్) 20, 25 దగ్గర ఉంటే చాలు. పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న బాక్సు) అయితే దాని ట్యూనింగ్ కంటే కాస్త కింద తప్పనిసరిగా పెట్టాలి.

"చిన్న ఆంప్ పెడితే సబ్ కాలిపోతుంది" అని మీరు విన్నారట. 150 వాట్స్ ఆంప్ ఎంత క్లిప్ అయినా (శక్తికి మించి తోస్తే సిగ్నల్ కొసలు తెగినా) 300 దాటి ఇవ్వలేదు, మీ 400 కాయిల్‌ని అది కాల్చలేదు. సౌండు మాత్రం చెత్తగా వస్తుంది. కాయిల్ కాలేది పెద్ద ఆంప్‌కి గెయిన్ చివరిదాకా తిప్పినప్పుడు. 500 వాట్స్ మోనోబ్లాక్ పూర్తిగా క్లిప్ అయితే, సప్లై అందిస్తే, వెయ్యికి దగ్గరగా వెళ్ళగలదు. పాట మధ్యలో జిగురు కాలిన వాసన వస్తే వెంటనే ఆపేయండి.

ఇక స్నేహితుడి పాత ఏబీని వద్దనకండి. మీ కంపెనీ స్టీరియో చానల్‌కి నిజంగా ఇచ్చేది 20 వాట్స్ అటూ ఇటూ. లోపల వోల్టేజీ పెంచే సప్లై ఉండదు కాబట్టి 4 ఓమ్స్‌కి 14.4 వోల్టులతో అంతకంటే రాదు, బాక్సు మీద ఏం రాసినా. వెనక సబ్ మోగడం మొదలయ్యాక ముందు డోర్ స్పీకర్లు దానికి అందవు, గొంతు వెనక్కి పోయి డప్పు ముందుకొస్తుంది. ఆ ఏబీని ముందు రెండు డోర్లకి పెట్టండి, హై పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్) 80 దగ్గర. గెయిన్ ఆ స్పీకర్ల ఆర్ఎంఎస్‌ని బట్టి ఇందాకటి లెక్కతోనే పెట్టుకోవచ్చు, కాకపోతే హై పాస్ కింద పడకుండా 50కి బదులు 1000 హెర్ట్జ్ టోన్ వాడండి. రెండు ఆంప్‌లు అయ్యేసరికి ముందు ఫ్యూజు 80కి మారుతుంది, డిక్కీలో ఒక ఫ్యూజ్ డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ కావాలి, ఎర్త్‌లు రెండూ ఒకే బోల్టుకి తేవాలి. వేర్వేరు చోట్ల ఎర్త్ చేస్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో కుయ్‌మని శబ్దం వస్తుంది. బ్లాక్ ఇప్పుడే వేయించండి, లేకపోతే రెండోసారి సీట్లు విప్పాల్సి వస్తుంది.